యంత్రాలు పని పంచుకుంటున్నాయి... మరి మన ఇళ్లలో?

తిరుపతిలో కాపురముంటే చుట్టాలకు కొరత ఉండదు. ఎక్కడెక్కడి వాళ్లకో మనం గుర్తొస్తాం. నెలాఖరు దగ్గర పడుతుందనగానే ఫోను మోగుతుంది. "అక్కా, మీరు తిరుపతిలోనే ఉండారు కదా, మూడొందల టికెట్లు నాలుగు ఎత్తిపెట్టండి" అంటారు. తిరుపతిలో ఉన్నంత మాత్రాన దేవస్థానం వాళ్ల వెబ్‌సైట్ మనకు వేరే తలుపు తెరవదని ఎంత చెప్పినా నమ్మరు. తిరుపతిలో కూర్చున్నా, టెక్సాస్‌లో కూర్చున్నా టికెట్లు వదిలే ఉదయం పది గంటలకు అందరూ తట్టేది ఆ ఒక్క తలుపే. తట్టగానే "మీరు క్యూలో ఉన్నారు, ఇన్ని నిమిషాలు ఆగండి" అని తెర మీద కనిపిస్తుంది.

"ఇదేమి విడ్డూరమమ్మా! కొండ మీద క్యూ చాలదని ఫోన్లో గూడా క్యూనా?" అని మా పక్కింటి పెద్దావిడ బుగ్గ నొక్కుకుంటుంది.

ఆవిడ ప్రశ్న వేళాకోళంగా ఉన్నా, దాని జవాబులో పెద్ద శాస్త్రమే ఉంది. ఒక్క యంత్రం మోయలేని పనిని పది యంత్రాలకు పంచడం, ఎవరి మీద ఎంత బరువు పడుతోందో కనిపెట్టి చూడడం, ఒకటి పడిపోతే ఆ పనిని ఇంకొకటి అందుకోవడం. కంప్యూటర్ ఇంజనీర్లు దీనికి నోరు తిరగని పేర్లు ఎన్నో పెట్టుకున్నారు గానీ, నలుగురు కోడళ్లున్న ఇంట్లో మెలిగిన ఆడవాళ్లకు ఇది బొత్తిగా కొత్త విద్యేమీ కాదు. అందుకే ఈ సంగతి మన పేజీలో చెప్పుకోదగ్గదనిపించింది.

పది పొయ్యిలు, ఒక వంటమాస్టరు

పెళ్లి వంట చూడండి. వెయ్యి మందికి వండాలంటే ఒకే పెద్ద గుండిగ పెట్టి కూర్చోరు. ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద సాంబారు, ఒక పక్క కూరలు తరిగేవాళ్లు, మరో పక్క అరిటాకులు కడిగేవాళ్లు. అసలు వంటమాస్టరు గరిటె పట్టేది తక్కువ. ఏ పొయ్యి ఖాళీ అయింది, ఎవరి చేతిలో పని లేదు, ఏది ముందు దించాలి అని చూడడమే ఆయన పని.

కంప్యూటర్ల లోకానికి ఈ తెలివి నెమ్మదిగా వచ్చింది. చాలాకాలం పాటు పని పెద్దదైతే యంత్రాన్నే పెద్దది చేసుకుంటూ పోయారు. అలాంటి పెద్ద సూపర్ కంప్యూటర్ కావాలని మన దేశం అడిగితే అమెరికా ఇవ్వలేదు. అప్పుడు పుణెలోని సి-డాక్ సంస్థలో విజయ్ భట్కర్ ఆధ్వర్యంలో మన వాళ్లే ఎన్నో చిన్న ప్రాసెసర్లను కలిపి, పనిని వాటికి పంచి, 1991లో పరమ్ 8000 తయారుచేశారు. 1994లో అమెరికాలోని నాసా గొడ్డార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనే ఇద్దరు మామూలు ప్రాసెసర్లు పదహారింటిని తీగలతో కలిపి ఒక్కటిగా పనిచేయించారు. దానికి బియోవుల్ఫ్ అని పేరు పెట్టారు. బజారులో దొరికే సరుకుతోనే పెద్ద లెక్కలు చేయవచ్చని దానితో తేలిపోయింది.

వాతావరణం లెక్కలు వేసేది కూడా ఇలాగే. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి వస్తుంది కదా, అక్కడ 1992లో మొదలైన రాడార్ కేంద్రమే ఇప్పటి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. గాలి, మేఘాల చదువంతా అక్కడ సాగుతుంది. రేపు వాన వస్తుందా రాదా అని కంప్యూటరు లెక్క కట్టాలంటే ఆకాశాన్ని గడులు గడులుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో ప్రాసెసర్‌కు అప్పగిస్తారు. అయితే పక్క గడిలో గాలి ఎటు వీస్తోందో తెలియకుండా ఈ గడి లెక్క ముందుకు సాగదు. అందుకని లెక్కలో అడుగడుగునా ఇరుగుపొరుగు యంత్రాలు ఒకదానికొకటి కబురు చెప్పుకుంటూ ఉంటాయి. పంచుకోవడమంటే ఎవరి ముక్క వాళ్లు తీసుకుని తలుపేసుకోవడం కాదన్నమాట.

ఇక వంటమాస్టరు సంగతి. వందలాది యంత్రాలున్న చోట ఏ పని ఏ యంత్రానికి ఇవ్వాలో మనిషి కూర్చుని చెప్పలేడు. దానికీ ఒక ప్రోగ్రామ్ ఉంటుంది. ఇలాంటి వాటిలో బాగా పేరున్న కుబెర్నెటీస్‌ను గూగుల్ సంస్థ 2014లో అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. గ్రీకు భాషలో ఆ మాటకు చుక్కాని పట్టేవాడు అని అర్థం. ఏ యంత్రంలో ఎంత చోటుంది, ఎంత బలం మిగిలింది అని చూసి, ఆ మేరకే పని ఇస్తుంది. ఇప్పటికే నిండిపోయిన దాని నెత్తిన మరో బుట్ట పెట్టదు.

బెర్తు ఒకటే, అడిగేవాళ్లు వెయ్యిమంది

పని పంచడం తెలిసింది. మరి లెక్క ఎవరి దగ్గర ఉండాలి? ఇంట్లో ముగ్గురు మూడు చోట్ల పాలవాడి పద్దు రాస్తే నెలాఖరున మూడు లెక్కలు వస్తాయి. ఈ చిక్కును విప్పిన కథ మన రైళ్లది.

కంప్యూటర్లు రాకముందు ఊరు వదిలి వెళ్లేవాళ్లకు తిరుగు ప్రయాణం బెంగ ఎలా ఉండేదో మన పెద్దవాళ్లు చెబుతారు. తిరుగు టికెట్టుకు ఇక్కడి స్టేషన్ నుంచి అక్కడి స్టేషన్‌కు టెలిగ్రామ్ పోవాలి, అక్కడ రిజిస్టరు తిరగేసి జవాబు ఇవ్వాలి. 1985-86లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్‌లలోనూ వచ్చింది. కానీ ఏ ఊరి కంప్యూటరుకు ఆ ప్రాంతం రైళ్లే తెలుసు. ఈ ఐదింటినీ కలపడానికి రైల్వే వాళ్ల క్రిస్ సంస్థ కన్సర్ట్ అనే ఏర్పాటు చేసింది. అది 1994లో మొట్టమొదట అమలైంది మన సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి ఐదు కేంద్రాలూ కలిశాయి. 2002 ఆగస్టు నుంచి ఇంటర్నెట్‌లోనూ టికెట్ తీసుకునే వీలొచ్చింది.

కిటుకు ఏమిటంటే, అడిగే కిటికీలు వేలకొద్దీ ఉన్నా, ఒక్కో రైలు పద్దు మాత్రం ఒక్కచోటే ఉంటుంది. తిరుపతి కిటికీలో అడిగినా, హౌరాలో అడిగినా ఆ ఒక్క పద్దునే తిప్పుతారు. ఒకరికి బెర్తు రాస్తున్న ఆ క్షణంలో ఆ పుటకు తాళం పడుతుంది. రెండో మనిషి ఆ రెప్పపాటు ఆగాలి. ఆ చిన్న ఆగడమే లేకపోతే ఒకే బెర్తు ఇద్దరి పేర రాసేస్తారు. రాత్రిపూట చంటిబిడ్డతో రైలెక్కిన తల్లికి, తన బెర్తు మీద ఇంకెవరో పడుకుని కనిపిస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

చిత్తూరులో మొదలైన మీ సేవ

మన జిల్లా పేరు కూడా ఈ కథలో ఉంది. 2011 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మీ సేవ మొదలైంది చిత్తూరు జిల్లాలోనే. అప్పటికి తిరుపతి కూడా ఈ జిల్లాలోదే. మొదట ఇచ్చింది రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖలకు చెందిన పది సేవలు.

అంతకుముందు కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ కావాలంటే తహసీల్దారు కార్యాలయం గడప అరిగేలా తిరగాలి. కూలి పని చేసుకునే ఆడమనిషికి ఒక్కో తిరుగుడు ఒక రోజు కూలి పోగొట్టేది. సారు క్యాంపుకు పోయినాడు, రేపు రా. రిజిస్టరు లోపల ఉండాది, ఎల్లుండి రా. పద్దు ఒకచోట, సంతకం పెట్టేవాడు ఇంకోచోట, అడిగే మనిషి మరోచోట. మీ సేవ చేసిందల్లా ఈ మూడింటినీ తీగతో కలపడమే. పద్దులు రాష్ట్ర డేటా కేంద్రంలోకి చేరాయి, సంతకం డిజిటల్ సంతకమైంది, అడిగే మనిషికి దగ్గర్లోనే కిటికీ దొరికింది. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టారు.

ఇంతవరకు బాగుంది. కానీ ఒక చిక్కు మిగిలింది. ఎంతోమంది ఆడవాళ్లకు సొంత ఫోను ఉండదు. ఉన్నా కాగితాలకు ఇచ్చిన నంబరు భర్తదో, కొడుకుదో అయి ఉంటుంది. ఓటీపీ అక్కడికి పోతుంది. ఆయన పొలంలోనో, బెంగళూరులోనో ఉంటాడు. ఆ ఓటీపీ వచ్చేదాకా ఈమె కిటికీ ముందు నిలబడాల్సిందే. యంత్రాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి, ఆమెతోనే నేరుగా మాట్లాడడం లేదు. మీకు తెలిసిన అమ్మాయి గానీ, ఇంట్లో సాయానికి వచ్చే మనిషి గానీ ఆధార్‌కు, బ్యాంకుకు ఎవరి నంబరు ఇచ్చిందో ఒకసారి అడిగి చూడండి. తన నంబరే ఇప్పించండి. అంతకు మించిన సాయం మరొకటి లేదు.

బంగారు వాకిలి వెడల్పు పెరగదు

ఇప్పుడు మా పక్కింటావిడ ప్రశ్నకు వద్దాం. ఫోన్లో క్యూ ఎందుకు?

పది గంటలకు ఒక్కసారిగా లక్షల మంది తట్టినప్పుడు ఒక్క యంత్రమే జవాబు చెప్పబోతే చతికిలబడుతుంది. అందుకని ముందు వరసలో చాలా యంత్రాలు నిలబడతాయి. వచ్చినవాళ్లను ఒక ప్రోగ్రామ్ వాటికి సమానంగా పంచుతుంది. 2021 సెప్టెంబరులో దేవస్థానం జియో సంస్థ సహకారంతో టికెట్ల బుకింగ్‌ను క్లౌడ్ మీదికి మార్చింది. క్లౌడ్ అంటే మేఘం కాదు, బాడుగ యంత్రాలు. ఇంట్లో పెళ్లికి షామియానా, గుండిగలు బాడుగకు తెచ్చి, పెళ్లి కాగానే తిరిగి పంపేస్తాం కదా! అలాగే టికెట్లు వదిలే ఆ గంటకు ఎక్కువ యంత్రాలు తీసుకుని, రద్దీ తగ్గగానే వదిలేయవచ్చు.

కానీ వెనక ఉన్న టికెట్ల పద్దు ఒక్కటే. రైలు బెర్తులాగే ఒకే టికెట్ ఇద్దరికి పోకూడదు. అందుకని ఆ పద్దు మోయగలిగినంత మందినే విడతలుగా లోపలికి వదిలి, మిగిలినవాళ్లను బయట కూర్చోబెడతారు. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంట్లు తెరిచేది ఈ పద్ధతిలోనే కదా! ఒకటి ఖాళీ అయితేనే ఇంకోటి తెరుస్తారు. కాబట్టి తెర మీద "ఆగండి" అని వచ్చినప్పుడు మాటిమాటికీ పేజీని మూసి తెరవకండి. చాలాసార్లు మీ వరస పోయి మళ్లీ చివర్లో నిలబడాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. యంత్రాలు ఎన్ని పెంచినా బంగారు వాకిలి వెడల్పు పెరగదు, రోజుకు ఇరవై నాలుగు గంటలే. యంత్రాలు తగ్గించగలిగింది తొక్కిడిని, కొరతను కాదు.

ఆ తొక్కిడి ఎంత పని చేస్తుందో మన ఊరు కళ్లారా చూసింది. 2025 జనవరి 10న వైకుంఠ ఏకాదశి. మొదటి మూడు రోజుల దర్శనానికి లక్షకు పైగా టోకెన్లను తిరుపతిలో పలుచోట్ల కౌంటర్లు పెట్టి 9వ తేదీ తెల్లవారుజాము నుంచి ఇస్తామన్నారు. 8వ తేదీ సాయంత్రానికే జనం చేరిపోయారు. ఆ రాత్రి బైరాగిపట్టెడ కేంద్రం దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. వాళ్లలో ఐదుగురు ఆడవాళ్లే. దేవుణ్ణి చూద్దామని ఎంతో దూరం నుంచి వచ్చిన అమ్మలు, అక్కలు.

కౌంటర్లు ఒకటి కాదు, పదుల కొద్దీ ఉన్నాయి. అంటే పని పంచారు. కానీ అందరూ ఒకే వేళకు రాకుండా వేళను పంచలేదు. ఏ గేటు దగ్గర ఎంతమంది చేరారో ఎప్పటికప్పుడు చూసి, నిండిన చోటి నుంచి ఖాళీ చోటికి మళ్లించే వంటమాస్టరు లేకపోతే పొయ్యిలు ఎన్నుంటే ఏం లాభం? ఆ తర్వాత 2025 డిసెంబరు 30న మొదలైన వైకుంఠ ద్వార దర్శనాలకు మొదటి మూడు రోజుల టోకెన్లను ఆన్‌లైన్ డిప్ ద్వారా కేటాయించారు. డిప్‌లో ముందొచ్చినవాడు, వెనకొచ్చినవాడు అని ఉండదు. పేరు నమోదు చేసుకోవడానికి కొన్ని రోజుల గడువుంటుంది. ఫోన్లో చురుకైన వేళ్లున్న కుర్రవాడికీ, నిదానంగా నొక్కే ముసలమ్మకూ అవకాశం ఒకటే. తోసుకోవాల్సిన పనే లేకుండా చేయడం అంటే అదీ.

గుండెచప్పుడు వినే యంత్రాలు

ఈ విద్యలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. కలిసి పనిచేసే యంత్రాలు కొద్ది క్షణాలకోసారి "నేను బాగానే ఉన్నాను" అని కబురు పంపుకుంటాయి. ఇంజనీర్లు దాన్ని గుండెచప్పుడు అనే అంటారు. వరసగా కొన్నిసార్లు ఆ చప్పుడు వినిపించకపోతే, ఆ యంత్రం పడిపోయిందని తెలుసుకుని దాని పనిని మిగతావి పంచుకుంటాయి. పద్దుకు నకలు ముందే వేరేచోట ఉంటుంది గనక పని ఆగదు.

మన ఇళ్లలో అమ్మ గుండెచప్పుడు వినేదెవరు? పొద్దున టిఫిన్ బల్ల మీదికి రాకపోతే గానీ ఆమెకు జ్వరమని తెలియదు.

మా వీధిలో ఒకావిడ స్నానాలగదిలో జారిపడి ఆరు వారాలు మంచం పట్టింది. గ్యాసు బుక్ చేసే నంబరు ఎవరికీ తెలియదు. మామగారి బీపీ మాత్ర ఏది, షుగరు మాత్ర ఏది తెలియదు. చిన్నవాడి ఫీజు గడువు ఎప్పుడో తెలియదు. "నేను మంచాన పడితే గాని ఈ ఇంట్లో ఏ డబ్బాలో ఏముండాదో ఎవరికీ ఎరక లేకపాయె చూడమ్మా" అని ఆవిడ నవ్వుతూనే అంది. ఆ నవ్వులో బాధే ఎక్కువ. పద్దులన్నీ ఒక్క తలలో ఉంటే, ఆ తల దిండుకు ఆనిన రోజున ఇల్లంతా ఆగిపోతుంది. ఏ ఇంజనీరైనా తన యంత్రాలను ఇలా అమరిస్తే ఉద్యోగం ఊడుతుంది.

ఇది ఒక్క మా వీధి గొడవ కాదు. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతా ఎవరు ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో లెక్క తీసింది. ఆరేళ్లు దాటిన ఆడవాళ్లలో రోజూ జీతం లేని ఇంటి పని చేసేవాళ్లు వందకు 81 మంది. మగవాళ్లలో 26 మంది. చేసేవాళ్లలోనైనా ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు చేస్తే, మగవాళ్లు 97 నిమిషాలు. 2024లో మళ్లీ లెక్క తీశారు. ఆడవాళ్లవి 289 నిమిషాలకు దిగాయి. సంతోషించే లోపలే చూస్తే మగవాళ్లవి కూడా 88కి దిగాయి!

1999లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్లు సెటి ఎట్ హోమ్ అని ఒకటి మొదలుపెట్టారు. అంతరిక్షం నుంచి వచ్చే రేడియో సంకేతాలను జల్లెడ పట్టడానికి లోకమంతటా ఇళ్లలో ఖాళీగా ఉన్న కంప్యూటర్లను వాడుకున్నారు. 2020 మార్చి దాకా అది సాగింది. లక్షలాది మంది ఇష్టపూర్వకంగా తమ యంత్రాల తీరిక సమయం ఇచ్చారు. గ్రహాంతరవాసుల కోసం తీరిక దొరికిన లోకంలో, వంటింట్లో ఉన్న మనిషి కోసం దొరకదా?

మనం చేయగలిగినవి

ముందు పద్దును తలలోంచి గోడ మీదికి తెద్దాం. ప్రతి ఇంట్లో తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా, తిథి, నక్షత్రం పక్కనే గ్యాసు వచ్చిన తేదీ, ఫీజు గడువు, మాత్రలు అయిపోయే రోజు రాయండి. ఎవరు రాసినా ఆ ఒక్కచోటే రాయాలి.

రెండోది, ప్రతి పనికీ ఒక బదులు మనిషి ఉండాలి. బియ్యం ఎంత పోయాలో, సంగటి ఎలా కెలకాలో, మామగారి మాత్రలు ఏవో ఇంకొకరికి తెలిసి ఉండాలి. కూతురికి మాత్రమే నేర్పి ఊరుకోకండి, కొడుక్కూ నేర్పండి.

మూడోది, పని ఇచ్చాక పూర్తిగా వదిలేయండి. ఆయన కడిగిన గిన్నెను మళ్లీ కడిగితే అది పంచుకోవడం కాదు, రెండుసార్లు చేయడం. మొదట్లో అన్నం కాస్త పలుకవుతుంది, ఫరవాలేదు.

నాలుగోది, నిండిపోయినప్పుడు "ఇప్పుడు కాదు, ఆగండి" అని చెప్పడం నేర్చుకోవాలి. లక్షల మందికి జవాబు చెప్పే యంత్రమే తన శక్తికి మించి వచ్చినవాళ్లను బయట కూర్చోబెడుతోంది, దాన్ని ఎవరూ సోమరి అనడం లేదు. రాత్రి పదింటికి "కాస్త కాఫీ" అన్నవాళ్లను మనం ఒక్క పది నిమిషాలు ఆగమంటే తప్పేముంది?

చివరిగా ఇంట్లో మిగతావాళ్లకు ఒక మాట. రోజుకొకసారి, ఏ పనీ చెప్పకుండా, ఏమీ అడగకుండా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "ఎలా ఉన్నావు?" అని అడగండి. ప్రాణం లేని యంత్రాలే ఒకదాని క్షేమం ఒకటి కొద్ది క్షణాలకోసారి కనుక్కుంటున్నాయి. మనం మనుషులం.